మెండెల్సన్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

తంత్రి_నాదం:
అందరికీ నమస్కారం. నేను తొమ్మిదేళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నా. మొన్న ఫ్రెండ్ పెళ్ళికి చర్చికి వెళ్తే, జంట బయటికి నడిచొచ్చేటప్పుడు కీబోర్డ్ మీద ఒక మార్చ్ వాయించారు, చిన్నప్పట్నుంచీ వింటున్నదే కానీ అది ఫెలిక్స్ మెండెల్సన్ అనే జర్మన్ కంపోజర్ రాసిందని అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి వెతికితే ఆయన ఇ-మైనర్ (E minor) వయొలిన్ కాన్సెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వయొలిన్ ముందుండి వాయించే పెద్ద రచన, దొరికింది, ఆ రాత్రంతా అదే విన్నా. నా డౌట్లు రెండు. ఈయన పెద్ద కండక్టర్ కూడా అంటున్నారు, మన కచేరీలో ఎదురుగా కర్ర పట్టుకుని ఎవరూ నిలబడరు కదా, అసలు ఆ మనిషి చేసే పనేంటి? రెండోది, డబ్బున్న ఇంట్లో పుట్టాడు, కష్టం తెలీదు, అందుకే సంగీతం పైపైన ఉంటుందని చాలా చోట్ల చదివాను, నిజమేనా?

లయ_పిచ్చి:
మొదటిదానికి చెప్తానండి. కచేరీలో అయిదారుగురే, పాడేవాళ్ళ చేతి తాళం అందరికీ కనిపిస్తుంది. అదే ఆర్కెస్ట్రాలో నలభై యాభై మంది కూర్చుంటే కాలప్రమాణం ఎవరు పట్టుకోవాలి? లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్‌లో (జర్మనీలో పేరున్న కచేరీ హాలు, దాని ఆర్కెస్ట్రా) అంతకుముందు ముందు వరసలో కూర్చున్న వయొలిన్ ఆయనే వాయిస్తూ వాయిస్తూ మిగతావాళ్ళని నడిపించేవాడు. 1835లో మెండెల్సన్ 26 ఏళ్ళకి అక్కడికొచ్చి, సింఫనీలకి (ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచనలకి) కూడా తనే నిలబడి ఆ కర్ర, అదే బేటన్‌తో నడిపించాడు, రిహార్సల్స్ గట్టిగా చేయించాడు. షూబర్ట్ అనే కంపోజర్ చనిపోయి పదేళ్ళు దాటినా ఎవరూ వాయించని పెద్ద సి మేజర్ సింఫనీని 1839లో మొదటిసారి వినిపించింది ఈయనే.

పాతపాట:
పాతకాలం జర్మన్ కంపోజర్ బాఖ్ సంగతి చెప్పకపోతే ఎలాగండీ! సెయింట్ మాథ్యూ పాషన్ స్కోర్‌కి (ఏసు చివరి రోజుల కథని పాడే బాఖ్ రచన, దాని స్వరాలు రాసిన కాగితాలు) నకలు రాయించి మెండెల్సన్‌కి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చింది, అప్పటికి ఇంకా చిన్న కుర్రాడు. బాఖ్ 1750లో పోయాడు, ఆ తర్వాత లైప్‌జిగ్ బయట దాన్ని పాడినవాళ్ళే లేరు. పాడిద్దామని ఈయనా, డెవ్రియెంట్ అనే గాయకుడూ కలిసి గురువు త్సెల్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందు కుదరదన్నాడు, వీళ్ళు వదల్లేదు. 1829 మార్చి 11న బెర్లిన్‌లో ఇరవయ్యేళ్ళ కుర్రాడు నడిపించాడండీ! నాకు మన రాగిరేకులు గుర్తొస్తాయి, కాకపోతే అన్నమయ్య కీర్తనలకి సాహిత్యం, రాగం పేరు మాత్రమే మిగిలితే రాళ్ళపల్లి వారు మళ్ళీ స్వరాలు కట్టాల్సొచ్చింది, అక్కడ స్వరం కూడా కాగితం మీదే ఉంది, పాడేవాళ్ళే లేరు.

లైప్‌జిగ్_తెలుగు:
నేను ఈ ఊళ్ళోనే చదువుకుంటున్నా. ఈయన 1843లో పెట్టిన మ్యూజిక్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. "పైపైన" అన్న మాట ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా చూడాలండి. ఈయన తాత మోజెస్ పేరున్న యూదు తత్వవేత్త, ఫెలిక్స్‌కి ఏడేళ్ళప్పుడే బాప్టిజం ఇప్పించారు, అయినా 1850లో వాగ్నర్ అనే ఇంకో జర్మన్ కంపోజర్ యూదులకి లోతైన సంగీతం రాదన్నట్టు వ్యాసం రాసి ఈయన్నే ఉదాహరణగా చూపించాడు, అప్పటికి ఈయన పోయి మూడేళ్ళు. 1936లో నాజీలు గెవాండ్‌హౌస్ ముందున్న ఈయన విగ్రహాన్ని పీకేశారు, మేయర్ గోర్డెలర్ ఊళ్ళో లేనప్పుడు, తిరిగొచ్చాక ఆయన పదవి వదిలేశాడు. 2008లో అలాంటిదే మళ్ళీ చేయించి థామస్ చర్చి దగ్గర పెట్టారు, బాఖ్ పనిచేసిన చర్చే అది. నేను రోజూ అటే వెళ్తా, చూసినప్పుడల్లా కాసేపు ఆగుతా.

పాతపాట:
కష్టం తెలీదన్నవాళ్ళకి ఈయన ఎఫ్ మైనర్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే రచన) వినిపించండి. అక్క ఫానీ కూడా కంపోజరే, 1847 మే 14న తమ్ముడి పాటకే రిహార్సల్ చేయిస్తూ పియానో దగ్గర స్ట్రోక్ వచ్చి ఆ రోజే పోయింది. ఆ ఎండాకాలం స్విట్జర్లాండ్‌లో రాశాడు దీన్ని. మొదలవడమే నాలుగు వాయిద్యాలూ వణికిపోతూ మొదలవుతాయి. నవంబర్ 4న ఆయనా పోయాడు, 38 ఏళ్ళు.

లయ_పిచ్చి:
తంత్రి_నాదం గారూ, మీరు వయొలిన్ వాళ్ళు కాబట్టి ఒకటి. కాన్సెర్టో మొదటి భాగం అయిపోయి అందరూ ఆగినా ఒక్క బసూన్ (ఊదే వాయిద్యం) మాత్రం ఒక స్వరం పట్టుకుని ఉంటుంది, గమనించారా? తర్వాతి భాగానికి అది కాకలి నిషాదం, మెల్లగా షడ్జం మీదకి ఎక్కుతుంది, మధ్యలో చప్పట్లకి సందు లేదు.

తంత్రి_నాదం:
దొరికిందండీ! నేను స్పీకర్ల శబ్దం అనుకుని వదిలేసిన చోటే అది. నాలుగుసార్లు విని నా వయొలిన్ మీద ఆ ని, స రెండూ వాయించి చూశా, నిషాదం మీద ఎంతసేపు ఆగాలో ఇంకా పట్టుబడట్లేదు. క్వార్టెట్ రేపు మా మాస్టారితో కలిసి వింటా.