జనవరిలో నీస్ వెళ్తున్నాం, వారమంతా వాన చూపిస్తోంది. ఏం చేయాలి?

దేవరకొండ సార్:

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్‌ని, నా భార్య స్టాఫ్ నర్సు. పెళ్లయి పదకొండేళ్లు. ఇద్దరం కలిసి చేసిన పెద్ద ప్రయాణాలంటే తిరుపతి, శ్రీశైలం. అంతే. రెండేళ్లు పైసా పైసా కూడబెట్టి, ఈ సంక్రాంతి సెలవులకు ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌లో ఏడు రోజులు ఉండేలా బుక్ చేసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికేది అప్పుడే. పిల్లలు హాలియాలో అమ్మమ్మ దగ్గర ఉంటారు. వీసా వచ్చేసింది. గది రద్దు చేస్తే డబ్బు వాపసు రాదు. టికెట్ల తేదీ మార్చాలంటే దాదాపు ఇంకో టికెట్ అంత కట్టాలి.

ఇంకా పది రోజులుంది. ఫోన్‌లో చూస్తే ఏడింటిలో ఐదు రోజులు వాన బొమ్మే. మేం నీలి సముద్రం, ఎండ ఉన్న ఫోటోలు చూసి మనసు పడ్డాం. నిన్న రాత్రి ఆమె "ఇంత ఖర్చు పెట్టి పోయేది గదిలో కూర్చోవడానికా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. తేదీలు మార్చాలా? వెళ్తే వానలో ఏం చూడొచ్చు? ఆమె మాంసం, చేప ముట్టదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పాలమూరు భూగోళం:

సార్, నేను మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆ తీరానికి నేను వెళ్లలేదు కానీ దాని వాన సంగతి ఏటా బోర్డు మీద గీసి చెప్పాను.

మనకు వానకాలం జూన్‌లో మొదలైతే, మధ్యధరా తీరంలో జూన్, జులై ఎండిపోయి ఉంటాయి. వేసవిలో అధిక పీడన మండలం ఆ సముద్రం మీదికి జరిగి మబ్బును రానివ్వదు. చలికాలంలో అది దక్షిణానికి తగ్గుతుంది. అప్పుడు అట్లాంటిక్ మీది నుంచి పడమటి గాలులు వాన మోసుకొస్తాయి. నీస్‌లో ఏడాదికి 700 మి.మీ. పైచిలుకు పడుతుంది, అటూ ఇటుగా మన నల్గొండ జిల్లా అంత. అందులో అక్టోబర్, నవంబర్‌లదే పెద్ద వాటా, కాబట్టి మీరు వెళ్లేసరికి గట్టి వానలు దాటిపోతాయి. పైగా ఏడాది మొత్తంలో వాన పడే రోజులు అక్కడ అరవై దాకానే. పడితే గట్టిగా పడుతుంది, తర్వాత తెరిపిస్తుంది. పది రోజుల ముందు ఫోన్ చూపించే బొమ్మను నమ్మకండి. బయలుదేరే మూడు రోజుల ముందు చూడండి.

ఇంకొక్క మాట. ఆ మధ్యధరా వైపు పుట్టిన వాయుగుండాలే తూర్పుకు నడిచి జనవరిలో పంజాబ్ గోధుమకు వాన ఇస్తాయి. మనం పాఠంలో పశ్చిమ అవాంతరాలు అని చెప్పేవి అవే. మీరు పిల్లలకు పాఠంగా చెప్పినదాన్ని కళ్లతో చూడబోతున్నారు.

బత్తాయి తోట:

తమ్ముడూ, తేదీలు మార్చొద్దు. మరదలు అడిగిన మాటే రెండేళ్ల కింద నేను మా ఆయనను అడిగాను, అదీ నీస్‌లో దిగిన రెండో రోజు.

మాది గుర్రంపోడు వైపు, బత్తాయి తోట. మా అమ్మాయి నీస్ పక్కన సోఫియా ఆంటిపోలిస్‌లో చదువుతోంది. సీజన్ కాపు అమ్మేసి, తోట మా మరిదికి అప్పజెప్పి డిసెంబర్‌లో పోయాం. అమ్మాయికి అప్పుడే పరీక్షలు పడ్డాయి. పగలంతా మేమిద్దరమే. ఎనిమిది రోజుల్లో ఆరు రోజులు వాన.

మొదటి రోజు రాత్రంతా కురిసింది. అక్కడ ఉదయం 8 దాకా సరిగ్గా తెల్లారదు, సాయంత్రం 5 కే చీకటి. ఆయన కిటికీ దగ్గర నిలబడి మరిదితో ఫోన్‌లో డ్రిప్పు గురించి, బోరు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను మంచం మీద కూర్చున్నాను. రెండో రోజూ అంతే. మధ్యాహ్నం గొడవ పడ్డాం. ఇరవై రెండేళ్లలో పగటిపూట ఏ పనీ లేకుండా ఇద్దరం ఒక గదిలో కూర్చున్నది అదే మొదటిసారి. పిల్లలు, కూలీలు, బోరు, టన్ను ధర తీసేస్తే మా మధ్య మాటలు దొరకలేదు. వాన కంటే అదే నాకు ఎక్కువ బాధయింది. మీకూ అట్లాంటి రోజు ఒకటి వస్తే భయపడొద్దని ఇది రాస్తున్నాను.

మూడో రోజు పొద్దున ఆయనే రెయిన్‌కోట్ తొడుక్కుని "నిమ్మకాయల ఊరికి పోదాం పా" అన్నారు. అది మెంతోన్, ఇటలీ సరిహద్దు పక్కన. రైల్లో నలభై నిమిషాల లోపే. పోయేటప్పుడు కుడి వైపు కూర్చోండి, సముద్రం ఆ పక్కే. విల్‌ఫ్రాంష్ దగ్గర నీళ్ల మీద వాన తెరలు తెరలుగా జరుగుతుంటే చూశాం. ఒక సొరంగం, మళ్లీ సముద్రం, మళ్లీ సొరంగం. మొనాకో స్టేషన్ అయితే కొండ లోపలే ఉంది.

మెంతోన్‌లో కొండను మెట్లు మెట్లుగా చెక్కి, రాతి గోడలు కట్టి నిమ్మ చెట్లు పెంచుతారు. వెనకాల పెద్ద కొండలు చలిగాలిని ఆపుతాయి కాబట్టే ఆ చెట్లు బతుకుతున్నాయి. బజార్లో నిమ్మకాయలు ఆకుతో సహా అమ్ముతారు, ఒక్కోటి మన నిమ్మకాయకు మూడింతలు. ఆయన ఒక ఆకు నలిపి వాసన చూసి నా చేతిలో పెట్టారు. మన తోట వాసనే. ఫిబ్రవరిలో అక్కడ నిమ్మకాయల పండుగ చేస్తారు, 1934 నుంచి ఉందట. మీకు అందదు కానీ చెట్ల మీద కాయలు మాత్రం జనవరిలో నిండుగా ఉంటాయి.

అక్కడ ఒక చర్చి మెట్ల మీద, చూరు కింద గంటసేపు నిలబడ్డాం. మన దగ్గర ఆ రోజుల్లో చెట్లకు నీళ్లు ఆపి ఎండబెడతాం. అప్పుడు వాన పడితే పూత దెబ్బతింటుంది. మబ్బు కనబడితే ఆయనకు నిద్ర పట్టదు. ఆ రోజు మాత్రం "ఈ వాన మన తోట మీద పడేది కాదు కదా, చూద్దాం" అన్నారు. లెక్క వేయకుండా ఆయన వానను చూడటం నేను అంతకు ముందు చూడలేదు. అక్కడే నిలబడి, పెళ్లికి ముందు మా నాన్న తోటకు వచ్చినప్పుడు నన్ను మొదటిసారి ఎక్కడ చూశారో చెప్పారు. నాకు అప్పటిదాకా తెలియదు.

తిండి సంగతి. నీస్ పాత ఊళ్లో సొక్కా అని అమ్ముతారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాల పొడి. మన శనగపిండి అట్టుకు అక్క లాంటిది. వానలో వేడివేడిగా తింటే ప్రాణం లేచి వస్తుంది. మరదలు కళ్లు మూసుకుని తినొచ్చు. కానీ పిస్సలాదియేర్ అనే ఉల్లిగడ్డ రొట్టె చూడటానికి శాకాహారమే అనిపిస్తుంది, దాంట్లో చేప వేస్తారు. పాన్ బాన్యా అనే శాండ్‌విచ్‌లో కూడా చేప ఉంటుంది. అడిగి తినండి.

నాది మర్రిగూడ దగ్గర పుట్టిల్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగాను. అక్కడ హోటల్లో నల్లా తిప్పి గ్లాసు పట్టి నేరుగా తాగొచ్చని అమ్మాయి చెబితే, మొదటి గ్లాసు పట్టుకుని కాసేపు అట్లనే నిలబడ్డాను. మీరూ సీసాలు కొనక్కర్లేదు.

గట్టి వాన రోజు మ్యూజియంలు పెట్టుకోండి. షగాల్ అనే చిత్రకారుడి మ్యూజియంలో ఎర్రటి రంగుల ఐదు పెద్ద బొమ్మలున్న గది ఉంది. వాటిని షగాల్ తన భార్యకు అంకితమిచ్చాడు. మాకు బొమ్మల సంగతి తెలియదు, అయినా ఆ గదిలో చాలాసేపు కూర్చున్నాం. మతీస్ అనే ఇంకో చిత్రకారుడి మ్యూజియం కూడా ఉంది. ఆయన 1917 డిసెంబర్‌లో నీస్ వచ్చినప్పుడు రోజుల తరబడి వానేనట. విసిగి వెళ్లిపోదామనుకున్న మర్నాడే గాలి వీచి మబ్బు తొలగిందట. ఉండిపోయాడు. 1954లో కన్నుమూసింది కూడా ఆ ఊళ్లోనే. ఈ రెండు మ్యూజియంలకూ మంగళవారం సెలవు. కూర్ సలేయా కూరగాయల బజారు సోమవారం ఉండదు.

సూర్యాపేట నుంచి నీస్:

నేను ఇక్కడే పని చేస్తున్నాను. అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను జాగ్రత్తలు కలుపుతాను. సముద్రపు గాలికి గొడుగు విరిగిపోతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోట్ తెచ్చుకోండి. బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ గుండ్రటి రాళ్లు. తడిస్తే జారతాయి, చెప్పులతో నడవలేరు. అలలు పెద్దగా ఉన్న రోజు ఆ రాళ్లు రోడ్డు మీదికి వచ్చి పడతాయి, ఫోటో కోసం గట్టు దగ్గరికి పోవద్దు.

ఇక్కడి వాతావరణ శాఖ రోజూ రంగులతో హెచ్చరిక ఇస్తుంది. పసుపు అయితే జాగ్రత్తగా తిరగండి. నారింజ, ఎరుపు అయితే వెనకాల కొండ లోయల వైపు అసలు వెళ్లొద్దు. 2020 అక్టోబర్‌లో అలెక్స్ తుఫాను వచ్చినప్పుడు వెసూబీ లోయలో ఒక్క రోజులో దాదాపు 500 మి.మీ. పడి ఇళ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. ఊళ్లో ఉంటే ట్రామ్ ఉంది, ఇబ్బంది లేదు. జనవరిలో పగలు 13 డిగ్రీలు, రాత్రి 5, 6 ఉంటుంది. తడి చలి కాబట్టి మన చలికంటే ఎక్కువ పట్టుకుంటుంది. రెండు జతల షూ తెచ్చుకోండి. తడిసినవాటిలో రాత్రి పేపర్ కుక్కితే పొద్దుటికి నీళ్లు పీలుస్తుంది.

దేవరకొండ సార్:

అందరికీ చాలా థాంక్స్. అక్క రాసింది మా ఆమెకు చదివి వినిపించాను. మీ నాన్నగారి తోట మాట దగ్గర రెండోసారి చదవమంది. తేదీలు మార్చట్లేదు. రెయిన్‌కోట్లకు రేపు హైదరాబాద్ వెళ్తున్నాం. మా అత్తమ్మ పండుగ పిండివంటలు కట్టిస్తానంటోంది, తీసుకెళ్లనిస్తారా?

బత్తాయి తోట:

సకినాలు భేషుగ్గా తీసుకెళ్లొచ్చు, మేం తీసుకెళ్లాం. పాలతో చేసినవి, మాంసం మాత్రం అక్కడికి రానివ్వరు. కాబట్టి నెయ్యి, పాలకోవా పెట్టొద్దని అత్తమ్మకు ముందే చెప్పండి. తొక్కు గట్టి మూత సీసాలో పోసి, కవర్లో చుట్టి పెద్ద బ్యాగులో వేయండి. కొన్ని సకినాలు చేతి సంచిలో ఉంచుకోండి తమ్ముడూ, మెంతోన్ రైల్లో తినడానికి.