సమస్యాపూరణం: "వాన లేనినాడె వరద వచ్చె"

సంచాలకుడు
ఈ వారం పాదం (ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి):

*వాన లేనినాడె వరద వచ్చె*

విషయం కారు డిక్కీలో చేరే నీళ్ళు. కన్నీటి వరద, జనవరద, ధనవరద అంటూ తప్పించుకున్న పూరణలు పక్కకి పోతాయి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో పద్యంలోనే తెలియాలి. ఎలా ఆపాలో కింద వచనంలో రాస్తే మరీ సంతోషం. పోయినసారి "దీప మార్పగానె తెల్లవారె" పాదం మీద రేగిన గొడవ ఇక్కడికి మోసుకురావద్దని మనవి.

సాగరతీరం
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తిన్నగా వచ్చి మీద పడ్డ విశాఖవాళ్ళకి "వాన లేనినాడె" అని ఇస్తారా! సరే, ఇదిగో, సింహాచలం ఘాట్ దిగుతూ:

*స్టెప్ని కింద నిన్న చేరిన జలమంత*
*కొండ దిగుచు బ్రేకు కొట్టగానె*
*సీటు కిందనుండి చెప్పులఁ దడిపెను;*
*వాన లేనినాడె వరద వచ్చె!*

స్టెప్నీ గుంట అడుగున రబ్బరు బిరడా ఉంటుంది. స్టెప్నీ ఎత్తి, బిరడాని లోపలినుంచి లాగితే నీళ్ళు కిందికి పోతాయి. తుడిచి, ఆరాక మళ్ళీ బిగించాలి. "ఇకమీదట నిలవదు కదా" అని దాన్ని తీసి పారేసేవాళ్ళున్నారు. అది తప్పు. కింద సైలెన్సర్ పొగ, టైర్లు చిమ్మే బురద ఆ కంతలోంచే లోపలికొస్తాయి. పొగ సంగతి మరీ ప్రమాదం.

ఉక్కునగరం
పద్యం నడిచింది, నీళ్ళు మాత్రం నడవలేదు. సెడాన్‌లో స్టెప్నీ గుంటకీ వెనక సీటుకీ మధ్య ఎత్తైన అడ్డరేకు ఉంటుంది. గుంట నిండి పొర్లితే తప్ప నీళ్ళు దాన్ని దాటవు. బ్రేకు కొడితే వెనక గలగల వినిపిస్తుంది, అంతే. చెప్పులు తడిస్తే ముందు అనుమానించాల్సినవి ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం, తలుపు సీలు. డిక్కీ తర్వాత. ఇంకొకటి, "దిగుచు బ్రేకు" దగ్గర, పక్కన సంయుక్తాక్షరం ఉంది కనుక, చు గురువైపోలేదూ?

కైలాసగిరి కోయిల
బ్రేకు వేరే మాట, సమాసమూ కాదు. చు లఘువే. ఈ ప్రశ్న ఉక్కుగారు నెలకోసారి వేస్తారు, నెలకోసారి ఇదే జవాబు వస్తుంది.

సాగరతీరం
అడ్డరేకు ఉన్నమాట నిజమే. కానీ దాని మీదుగా ఫెల్టు పరిచిన కార్లున్నాయండీ. ఒక కొస గుంటలో తడిస్తే అది దీపం ఒత్తులా లాగి రెండో కొసకి తెస్తుంది. "బ్రేకు కొట్టగానె" అన్నది మాత్రం కవిగారి తొందర అనుకోండి.

సంచాలకుడు
దీపం మాట తేవద్దన్నాను.

ఉక్కునగరం
విమర్శించి ఊరుకుంటే అన్యాయం కనుక:

*బల్బు పెట్టు చోట వాషరు చీలగ,*
*పైపుతోడ కారు బాగ కడుగ,*
*డిక్కిలోన నీరు చిక్కి బకెట్టయ్యె;*
*వాన లేనినాడె వరద వచ్చె.*

వాషరు అంటే ఇక్కడ టెయిల్ ల్యాంపు వెనకుండే స్పాంజి గాస్కెట్. ఏళ్ళ తరబడి నొక్కుకుని అది చదునైపోతుంది. మామూలు వానకి తట్టుకున్నా వాటర్‌వాష్‌కి లొంగిపోతుంది, ఎందుకంటే నీళ్ళు కొట్టే గన్నుని ల్యాంపు అంచుకి జానెడు దూరంలో పెడతారు. కనీసం అడుగు దూరం ఉండాలి, అదీ అంచుల మీద నిలిపి కొట్టకూడదు.

బాగుచేయడం ఇలా. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. డిక్కీ లోపలి అట్ట విప్పి, కనెక్టర్ లాగి, నట్లు విప్పండి. చాలా కార్లలో 8 లేదా 10 నంబరు పానా సరిపోతుంది. ల్యాంపుని మెలితిప్పకుండా తిన్నగా వెనక్కి లాగాలి. పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రేకునీ ల్యాంపునీ తుడవాలి. కొత్త గాస్కెట్ దొరికితే అదే మేలు. దొరక్కపోతే బ్యూటైల్ టేపుని (మెత్తని జిగురు రబ్బరు పట్టీ) తాడులా చుట్టూ పరచండి, ఎక్కడా తెగకుండా, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కేలా. నట్లు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా మార్చి మార్చి, చేత్తో బిగిసినంత, ఆపైన పావు మలుపు. అంతకు మించితే బోల్టు దగ్గర ల్యాంపు ప్లాస్టిక్కే చిట్లుతుంది, అప్పుడు లీకు రెండు చోట్ల.

సిలికాన్ పూసేవాళ్ళకి ఒక మాట: వెనిగర్ వాసన కొట్టే రకం రేకుని తినేస్తుంది. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి తోడు మనమే ఆమ్లం పుయ్యక్కర్లేదు. న్యూట్రల్ రకం అని రాసి ఉన్నదే కొనాలి.

భీమిలి మాస్టారు
వచనానికి నూటికి నూరు. పద్యానికి, మూడో పాదంలో మళ్ళీ ప్రాసయతేనా? డిక్కి అంటే చిక్కి, చుక్క అంటే పక్క. కుంటివాడికి కర్ర కావాలి గానీ పరుగెత్తేవాడికెందుకండీ? ఇక "బకెట్టయ్యె" అంటే డిక్కీ బకెట్టయిందా, నీరు బకెట్టయిందా? అన్వయం వెతుక్కోవాలి. నా పూరణ, హ్యాచ్‌బ్యాక్ ఉన్నవాళ్ళకి అంకితం:

*కీలు చెంత పైపు గీసుకొని పగిలె,*
*మీట నొక్కినంత మిద్దె కురిసె,*
*అద్ద మెండియుండె, నంతయు లోపలే!*
*వాన లేనినాడె వరద వచ్చె.*

కైలాసగిరి కోయిల
అబ్బ! వెనక అద్దం కడిగే నీళ్ళు! నిజంగానే వానతో పని లేదు. "మిద్దె కురిసె" దగ్గర చప్పట్లు. వాన లేకుండా వరదేమిటన్న విరోధం ఇంత శుభ్రంగా ఇంకెవరూ తీర్చలేదు. మాస్టారూ, వచనం కూడా రాయరూ.

భీమిలి మాస్టారు
వెనక వైపర్ ఉన్న చాలా కార్లలో నీళ్ళ డబ్బా ముందు బానెట్ కింద ఉంటుంది. అక్కణ్ణుంచి సన్నని పైపు కారు పొడుగునా వెళ్ళి, డిక్కీ తలుపు పైమూల రబ్బరు తొడుగులోంచి అద్దం మీదికి చేరుతుంది. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఆ తొడుగులో పైపు మడత పడుతుంది. ఎండకి గట్టిపడ్డ పైపు ఆ మడతలోనే చిట్లుతుంది, లేదా అతుకు దగ్గర ఊడిపోతుంది. నొక్కినప్పుడు మోటారు శబ్దం వస్తుంది, అద్దం మీద చుక్క పడదు, పైకప్పు గుడ్డ అంచు తడుస్తుంది.

గుర్తు పట్టడానికి తేలిక దారి ఉంది. డిక్కీలో చేరిన నీళ్ళు వేళ్ళతో రుద్ది చూడండి. నురగ వచ్చినా, సబ్బు వాసన వేసినా అది వాన కాదు. డబ్బాలో మామూలు నీళ్ళే పోసేవారైతే ఈ గుర్తు పనికిరాదు. అప్పుడు రబ్బరు తొడుగు ఒక కొస ఊడదీసి, ఒకరు మీట 5 సెకన్లు నొక్కితే ఇంకొకరు చూడాలి.

చిట్లిన ముక్క బ్లేడుతో అడ్డంగా, ఏటవాలు లేకుండా కోసి తీసేసి, మధ్యలో ప్లాస్టిక్ జాయినర్ దూర్చాలి. పైపు లోపలి కొలత చూసుకునే కొనండి, లూజుగా ఉంటే మళ్ళీ ఊడుతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టడం వృథా, పంపు ఒత్తిడికి నిలవదు. అదే తొడుగులో వైపర్, నంబరు ప్లేటు దీపం వైర్లు కూడా పోతాయి కనుక, చెయ్యి పెట్టినప్పుడే వాటి తోలు పగిలిందేమో చూడండి.

ఉక్కునగరం
చాలా బాగుంది. ఒక్క సందేహం. మూడో పాదంలో అద్దానికి "నంతయు"తో యతి. అకారానికి నకారమా?

భీమిలి మాస్టారు
ఉండెన్ + అంతయు. అచ్చు చూడాలి, హల్లు కాదు. ఈమాత్రం మీకు తెలియదనుకోను.

ఉక్కునగరం
తెలుసు. మీ నోటితో అనిపించాలనే అడిగాను. పోయినసారి "దీప మార్పగానె తెల్లవారె"కి నేను రాసిన పాదం:

*ఎదుటివాని కంటి కెండగా హైబీము*

"ఎకారానికి కకారం యతి ఎలా" అని నలుగురిలో నవ్వింది ఎవరు మాస్టారూ? కంటికి + ఎండగా. అక్కడా అచ్చే.

సాగరతీరం
😀

భీమిలి మాస్టారు
నేను నవ్వింది యతికి కాదు, "హైబీము"కి. "కంటి కెండగా" మంచి ప్రయోగమేనని అప్పుడే రాశాను, వెనక్కి వెళ్ళి చూసుకోండి.

సంచాలకుడు
ఎవరూ వెనక్కి వెళ్ళొద్దు. తర్వాతి పూరణ.

కొత్తకలం
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

*నల్ల దుమ్ము చేరి నాళము పూడగ,*
*సన్‌రూఫు నీళ్ళు జారె వెనుకకు;*
*పక్క గూడు నిండి బయటికి పొర్లెను;*
*వాన లేనినాడె వరద వచ్చె.*

కైలాసగిరి కోయిల
పోర్టు నల్ల దుమ్ము పద్యంలోకి ఎక్కింది, శుభం! రెండో పాదం మొదట్లోనే గణభంగం, "సన్‌రూఫు" అక్కడ ఇమడదు. అంతకన్నా పెద్దది, విరోధం తీరలేదు తమ్ముడూ. సన్‌రూఫ్ మీద నీళ్ళు పడాలంటే వాన రావాలి కదా? రెంటికీ కలిపి ఒకే మార్పు:

*నిన్న నిలిచినట్టి నీరు దిగెను*

నాళం పూడి నిన్నటి నీళ్ళు ఫ్రేము గాడిలో నిలిచి, ఇవాళ బండి కదిలాక దిగాయన్నమాట.

ఉక్కునగరం
దిద్దుబాటు అసలుకన్నా బాగుంది. సాంకేతికంగానూ సరే. సన్‌రూఫ్ గాడికి సాధారణంగా నాలుగు మూలలా నాలుగు గొట్టాలు. ముందువి అద్దం పక్క స్తంభాల్లోంచి, వెనకవి డిక్కీ పక్కలనుంచి దిగుతాయి. వెనకది పూడినా, కొస ఊడినా నీళ్ళు డిక్కీ పక్క గూట్లోకే. కొత్తకలంగారూ, పూడిక తీయడానికి కంప్రెసర్ గాలి కొట్టించకండి. లోపల కంటికి కనపడని చోట గొట్టం మూతినుంచి ఊడిపోతుంది, ఆ తర్వాత పైకప్పు గుడ్డ దించాల్సిందే. గడ్డి కోసే మిషను నైలాన్ తీగ కొస గుండ్రంగా అరగదీసి మెల్లగా దూర్చండి. తర్వాత మూలలో 100 మి.లీ. నీళ్ళు పోసి, కింద అదే వైపు చక్రం దగ్గర ధారగా పడుతున్నాయో లేదో చూడండి. చుక్కలుగా పడితే పని ఇంకా మిగిలినట్టే.

కొత్తకలం
ధన్యవాదాలండీ. మార్పు తీసుకున్నాను.

ఆటోనగర్ అప్పన్న
అందరూ పద్యాలు రాసీసి గాస్కెట్టు, గొట్టం అంటన్నారు గానీ, ముందు డిక్కీ అంచు రబ్బరు, అదే బీడింగు, సూడరేటండీ?

*సుద్ద రుద్ది మూసి చూడరా బీడింగు,*
*గీత తెగిన చోట కిటుకు దొరుకు;*
*కడిగినపుడె తడియు కారణ మిదె బావు!*
*వాన లేనినాడె వరద వచ్చె.*

బీడింగు తుడిసీసి, ఆరాక సుద్దముక్క పొడుగునా రుద్దండి. డిక్కీ మామూలుగా ఏసి తియ్యండి. తలుపు రేకు మీద తెల్ల గీత పడతాది. గీత తెగిపోనాది అంటే అక్కడ రబ్బరు అంటుకోట్లేదు. ఒక పక్కంతా పలచగా పడితే బీడింగు మార్చీకండి, డబ్బు దండగ. తలుపు మూలల్లో మరతిప్పే బంపు రబ్బర్లుంటాయి, అవి అర మలుపు లోపలికి తిప్పి మళ్ళీ సుద్ద రుద్దండి. అప్పటికీ పడకపోతే లాకు కొక్కెం ఒకటి రెండు మిల్లీమీటర్లు దించాల. గీత ఒక్కచోటే తెగితే ఆ రబ్బరు కింద రేకు అంచు ఒంగిపోనాదేమో చేత్తో తడిమి సూడండి. ఎనకనుంచి గుద్దించుకున్న బండికి ఇది మామూలే. బంపర్ ఇప్పి పని చేసిన బండైతే, బంపర్ ఎనక పక్కల గాలి పోయే రబ్బరు రెక్కలు మళ్ళీ పెట్టారో నేదో కూడా సూడాల.

కైలాసగిరి కోయిల
మొదటి పాదంలో "చూడరా", మూడో పాదంలో "బావు". ఒకే మనిషిని రెండు పాదాల్లోనే ఇంత ఎత్తుకి ఎక్కించారే అప్పన్నగారూ! "గీత తెగిన చోట కిటుకు దొరుకు" మాత్రం గోడమీద రాసుకోవచ్చు.

సాగరతీరం
ఎక్కడ కారుతోందో అసలు తెలియకపోతే? బీడింగా, ల్యాంపా, కీలు పక్క అతుకా?

ఆటోనగర్ అప్పన్న
అట్టలు, మ్యాట్లు అన్నీ తీసీసి ఎండగట్టీసి, ఒక మనిషి టార్చి అట్టుకుని లోపల కూకోవాల. ఎనక సీటు మడిచీసి ఉంచండి, గాలాడాలి, బయటికి రావాలి. పిల్లల్ని కూకోబెట్టీకండి. రెండో మనిషి గన్ను నేకుండా ఉత్త పైపుతో, కిందనుంచి పైకి పొయ్యాల. మొదట ఎనక ల్యాంపులు, తరవాత బీడింగు కింద, పక్కలు, కీళ్ళు, ఆకర్న పైకప్పు గాడి. ఒక్కో చోట మూడు నిమిషాలు. పైనుంచి మొదలెట్టీసేరంటే నీళ్ళు అన్నిటి మీదనుంచీ దిగిపోతాయి, ఏదీ తెలీదు.

సంచాలకుడు
ఈసారి మాస్టారి పూరణ ముందు నిలుస్తుంది, విరోధ పరిహారానికి. వచనానికి మాత్రం అప్పన్నగారిది. ఉక్కుగారి "బకెట్టయ్యె" అన్వయం సరిచేసి పంపితే మళ్ళీ చూస్తాను.

ఉక్కునగరం
సరిచేసేదేమీ లేదు. డిక్కీలోన నీరు చిక్కింది, అది బకెట్టు అయింది, అంటే బకెట్టెడయింది. మాస్టారు కొలత అడుగుతున్నారేమో.

భీమిలి మాస్టారు
"బకెట్టెడయ్యె" అని మీరే దిద్దుకుని గణం కుదుర్చుకోండి, నేను అడ్డురాను. అప్పన్నగారూ, ఆ వెనక అద్దం పైపు అతికించేటప్పుడు ఎంత పొడవు వదులు ఉంచాలంటారు?

ఆటోనగర్ అప్పన్న
తలుపు పూర్తిగా పైకెత్తీసి కొలవండి మాస్టారూ. మూసి ఉన్నప్పుడు కొలిసి అతికిస్తే పొట్టి అయిపోద్ది, తెరిసినప్పుడల్లా జాయినరు లాగీసుకుంటాది. తొడుగు లోపల చిన్న మెలిక ఉండేలాగ ఒదిలీసి, జాయినరు మాత్రం తొడుగు బయటికి, మడత పడని చోటికి రావాల.