టైల్స్ గచ్చు మీద నడక తాడు బిగించేదెట్లా?

మహబూబ్‌నగర్‌లో ఫంక్షన్ హాల్లో సోలో షో. తాడు మీద పెరిగిన చిన్నతనమే కథ, డైలాగులన్నీ తాడు మీదే. కత్తెర గుంజల మధ్య 5 మీటర్లు, ఎత్తు మీటరున్నర, నా బరువు 52 కిలోలు. మట్టిలో అయితే గూటం దిగ్గొడితే అయిపోయేది. ఇక్కడ డ్రిల్లు పెట్టనివ్వరు.

ఒక్కోవైపు 400 కిలోల ఇసుక బస్తాలు, కింద రబ్బరు మ్యాటు. అయినా నడుమకు రాగానే జరుగుతున్నయి. తాడు 25 సెంటీమీటర్లే దిగితే లాగుడు 260 కిలోల దాకా పోతుంది, పైగా గుంజల మీంచి బస్తాలకు దిగే ఏటవాలు తాడు వాటిని పైకి లేపుతుంది. 50 సెంటీమీటర్లు దిగేలా వదులు చేస్తే జరగలేదు గానీ, తాడు పక్కకు ఊగి మాట తెగుతోంది.

మిగిలింది బస్తాల దగ్గరి తాడు చివరలు రెండింటినీ నేల మీద ఇనుప పైపుతో కలపడమే. 8 మీటర్లు, ట్రాలీ ఆటోలో పట్టాలంటే మూడు ముక్కలు. అట్లా కట్టినవాళ్లు చెప్పండి: జాయింట్ల దగ్గర వంగకుండా ఏ సైజు పైపు, లోపల ఎంత పొడుగు స్లీవు (రెండు ముక్కలను కలిపే లోపలి పైపు) పెట్టారు?