నెలకు 30 రూపాయల నల్లా బిల్లు: కట్టాలా, వద్దా?

పాలమూరు పంపు ఆపరేటర్:
మా గ్రామసభల ఇంటికి నెలకు 30 రూపాయల నల్లా బిల్లు పెడదామంటె లొల్లి అయింది. నేనైతె పెట్టాలనే అంట. మిషన్ భగీరథల కృష్ణా నీళ్లు ఊరి ట్యాంకు దాకా వస్తున్నయి. మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క. ఆడికెల్లి గల్లీల పైపు పగిలితె, వాల్వు పోతె ఎవరు చూడాలె? మొన్న పాత బోరు మోటరు కాలితె వైండింగుకు పైసల్లేక తొమ్మిది రోజులు పక్కకు పెట్టినం.

మర్రిగూడ పిలగాడు:
అన్నా, మా నాయన నలభై ఏండ్లకే నడుము వంగి కట్టె పట్టిండు. బోరింగు నీళ్ల ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, మాకాడ ఎన్నో రెట్లుండె. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టిండ్రు, నల్గొండ టెక్నిక్ అని. బొక్కలు వంగింది మావి, ఇప్పుడు బిల్లు గూడ మేమే కట్టాల్నా?

కొత్త సభ్యుడు:
మరిగిచ్చి తాగుండ్రి.

మర్రిగూడ పిలగాడు:
మరిగిస్తె ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరి ఇంకా ఎక్కువైతది. తెల్వకుంటె చెప్పకు.

పాలమూరు పంపు ఆపరేటర్:
పటిక పద్ధతి నడవాలంటె రోజూ మోతాదు చూసి కలపాలె, అడుగున దిగిన మడ్డి ఎత్తిపోయాలె. ఆ మనిషికి జీతం ఎవరియ్యాలె? నేనడిగేది గదే. 30 అంటె రోజుకు రూపాయి.

దేవరకొండ అక్క:
20 లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాను అందరం కొంటనే ఉన్నం గద.

మర్రిగూడ పిలగాడు:
అందరు కొంటలేరు అక్కా.

పాలమూరు పంపు ఆపరేటర్:
తమ్మీ, ఫ్లోరైడ్ పేరు జెప్పి ఇంకెన్నేండ్లు ఎగ్గొడతరు?

మర్రిగూడ పిలగాడు:
నోరు జాగ్రత్త. మాది ఊరి చివర వాడ. కొత్త పైపని ఇంటికి 500 వసూలు జేసిండ్రు. రశీదు లేదు, లెక్క లేదు. పై గల్లీలోళ్లు నల్లాకు మోటర్లు బిగిచ్చి గుంజుతరు. మాకాడ నల్లా తిప్పితె గాలే వస్తది. మా అమ్మ మళ్ల ఆ బోరింగుకే బిందె పట్టుకపోతున్నది. 30 కాదు, 100 కడత. ఆ మోటర్లు పీకు.

పాలమూరు పంపు ఆపరేటర్:
మోటర్ల మాట నిజమే. మా ఊళ్లె గూడ పద్నాలుగున్నయి, ఏ ఇండ్లల్లవో నాకు ఎరికే. ఒక్కన్నే పోయి పీకితె తెల్లారి నా పని పోతది. ఆర్నెల్లకొకసారి వచ్చే జీతం, అది గూడ ఉండది. బిల్లు కట్టెటోళ్లు నా వెనుక నిలబడితెనే చెయ్యి పెడత.

మర్రిగూడ పిలగాడు:
గ్రామసభల ఆ పద్నాలుగు పేర్లు చదువు అన్నా. చదివినంక 30 అడుగు.