నీనెవె విశ్వాసులకు మన కానుక: గోడలకా, సువార్తకా, వీసాలకా?

గుండ్లకమ్మ (డాలస్)

అందరికీ వందనాలు. మా తెలుగు సంఘంలో ఈసారి కోతపండుగ కానుకలోంచి 18,000 డాలర్లు "హింసలో ఉన్న సహోదరుల కోసం" అని పక్కన పెట్టాం. ఉత్తర ఇరాక్‌లో మోసుల్ పక్కనున్న నీనెవె మైదానపు క్రైస్తవులకు పంపాలని అందరం ఒప్పుకున్నాం. ఎలా పంపాలి అనేదగ్గర కమిటీ మూడు ముక్కలైంది. యౌవనస్థులు పదిమంది రెండు వారాలు అక్కడికెళ్ళి సువార్త చెబుతామంటున్నారు. కొందరు పెద్దలు, ఆ డబ్బుతో నాలుగు కుటుంబాలనైనా అక్కడినుంచి బయటికి తెద్దాం అంటున్నారు. నేను మూడోవైపు.

నా మాట ఇది. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి పోయింది. జులైలో క్రైస్తవుల ఇళ్ళ గోడల మీద 'నస్రానీ' (క్రైస్తవుడు) అని తెలిసేలా అరబిక్ 'నూన్' అక్షరం రాసి, మతం మారండి, జిజియా (ముస్లింలు కానివారి మీద పన్ను) కట్టండి, లేదా వెళ్ళిపోండి, కాదంటే కత్తి అని గడువు పెట్టారు. ఆగస్టు 6 రాత్రి నీనెవె మైదానంలోని క్రైస్తవ పట్టణం కరాకోష్ ఖాళీ అయింది. అందులో పుట్టి పెరిగిన వేలమంది ఒంటిమీద బట్టలతో కుర్దుల పట్టణం అర్బిల్ వైపు నడిచారు. 2003కు ముందు దేశంలో 15 లక్షలదాకా ఉన్న క్రైస్తవులు రెండున్నర లక్షలకు పడిపోయి ఉండొచ్చని అర్బిల్ ఆర్చిబిషప్ బషార్ వర్దా 2019లో చెప్పారు. యేసు మాట్లాడిన భాషకు దగ్గరి భాషలో ఇంకా ప్రార్థన చేసే ఊళ్ళు అవి. అక్కడ మిగిలినవాళ్ళు మిగిలి ఉండాలంటే ఏం కావాలో, కూలిన ఇళ్ళ గోడలో మరొకటో, వాళ్ళనే అడిగి, అదే ఇవ్వాలి. పది విమానం టిక్కెట్ల ఖర్చుతో ఎవరికి మేలు? తప్పైతే చెప్పండి.

సువార్త సేవకుడు

బ్రదర్, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు చెప్పినవాళ్ళు తాతల కాలంనుంచి క్రైస్తవులు. వాళ్ళకు బిషప్పులున్నారు, విదేశాల్లో బంధువులున్నారు. ముస్లింగా పుట్టి ప్రభువును నమ్ముకున్న మనిషికి ఎవరున్నారు? ఇరాక్‌లో ఆయన గుర్తింపు కార్డులో మతం మార్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పిల్లలు బళ్ళో ముస్లింలుగానే నమోదౌతారు. సొంత అన్నదమ్ములే చంపుతామంటారు. పాత సంఘాలు భయపడి బాప్తిస్మం ఇవ్వడానికి వెనకాడతాయి. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, ఒక్కరికి బాప్తిస్మం ఇస్తే ఊరంతా తగలబడొచ్చు. కానీ మన డబ్బంతా గోడలకే పోతే ఈ మనిషి ఎక్కడికి పోవాలి? హింసలో ఉన్నవాళ్ళలో అందరికంటే ఒంటరివాడు అతనే. మీ లెక్కలో అతను లేడు.

కోరుట్ల అన్న

నేను చర్చికి పోయేటోన్ని గాదు. కానీ 2013 నుంచి మూడేండ్లు అర్బిల్‌ల హోటల్ పని చేసిన, అందుకే రాస్తున్న. మా తెలంగాణోళ్ళు అక్కడ మస్తుమంది ఉంటుండె. 2014 ఆగస్టుల మా హోటల్‌కు దగ్గర్నే అంకావా, క్రైస్తవుల పేట. ఒక్క రాత్రిల ఆ పేట నిండిపోయింది. మార్ ఇలియా చర్చి తోటల డేరాలు, బళ్ళల్ల మనుషులు, కట్టుడు సగంల ఆగిన బిల్డింగులల్ల మనుషులు. ఎండ జూస్తె నలభై దాటింది. ఒక ముసలాయన తాళపుచెవి చేతుల పట్టుకొని కూసున్నడు, ఇంటిది. ఇల్లు పోయిందని తెల్సు, అయినా ఇడువలె. మేము హోటల్ల మిగిలిన రొట్టెలు, నీళ్ళు కొంటవోయి ఇచ్చినం. తీస్కున్నంక నా చెయ్యి పట్టుకొని ఏందో అన్నడు, నాకు సమజ్ గాలె.

మోసుల్‌ల పట్టుకపోయిన 39 మంది మన దేశపోళ్ళు, పంజాబ్, బీహార్ దిక్కు కూలిజేసెటోళ్ళు, సచ్చిపోయిండ్రని 2018ల గాని బయటికి రాలె. మేమంత నాలుగేండ్లు వాళ్ళ కోసం ఎదురుజూసినం.

ఒక్క మాట జెప్త. ఆ డేరాలకు మస్తుమంది ఫొటోలు దిగెటందుకు వస్తుండె. పిల్లలకు చాక్లెట్లిచ్చి, ఫొటో దిగి పోతుండె. ముసలోళ్ళు మొఖం తిప్పుకుంటుండె. పోరలు పోతమంటె పోనియ్యున్రి గాని, రెండువారాలు పోయి ఏం జేస్తరో ముందుగాల అడుగున్రి.

బెజవాడ వెంకట్

నేను హిందువుని. గౌరవంతోనే అడుగుతున్నాను. అదే ఆగస్టు 3న ఉత్తర ఇరాక్‌లోనే సింజార్‌లో యజీదీల మీద, అంటే అక్కడి ఇంకో చిన్న మతంవాళ్ళ మీద, పడ్డారు కదా. మగవాళ్ళను చంపి, ఆడవాళ్ళను అమ్ముకున్నారు. మీ కానుకలో వాళ్ళకు వాటా ఉందా? ఇంకొకటి. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడుతూ మతం గురించి చెబితే, అతను ఒప్పుకున్నది మనసుతోనా, ఆకలితోనా అని ఎలా తేలుతుంది? మన దగ్గర వందేళ్ళుగా ఇదే గొడవ. పరాయి దేశంలో అదే పని చేస్తే మీకే చెడ్డపేరు, అక్కడి పాత క్రైస్తవులకు ప్రమాదం.

గుండ్లకమ్మ (డాలస్)

వెంకట్ గారూ, మీ ప్రశ్నకు మా ఊరే జవాబు. మాది గుండ్లకమ్మ ఒడ్డు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళపైగా కాంట్రాక్టు తీసుకుని మాల, మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించారు. జనం బాప్తిస్మం ఇమ్మని వస్తూనే ఉన్నారు. ఆయన సాయం పంచుతున్నంత కాలం ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. మా నాయనమ్మ ఇది కథలా చెప్పేది. అన్నం ఒక చేత్తో, బాప్తిస్మం ఇంకో చేత్తో ఇవ్వకూడదని మా ఇంట్లో నేర్పారు. అందుకే ఇల్లు కట్టించడానికీ, సువార్త చెప్పడానికీ నేను ఒకే సంచి వాడను.

యజీదీల విషయంలో మీరు అన్నది నిజం. విశ్వాస గృహానికి చెందినవారికి విశేషంగా చేయమన్న వాక్యంలోనే, దానికి ముందు, అందరికీ మేలు చేయమని ఉంది. మేం రెండో సగమే చదువుకున్నాం.

సువార్త సేవకుడు

క్లౌ గారి కథ సగంలో ఆపేశారు బ్రదర్! సాయం ముగిశాక 1878 జులై 3న, మీ గుండ్లకమ్మ ఒడ్డునే వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆయన కాలం చూసి ఆగారు గానీ సువార్తను దాచలేదు. మీ ముత్తాతలకు ఆ రోజు "మీరు ఉన్నచోటే ఉండండి, గోడలు కట్టిస్తాం" అని చెప్పి ఉంటే, మీరూ నేనూ ఈ రోజు ఈ మాట మాట్లాడుకునేవాళ్ళం కాదు.

గుండ్లకమ్మ (డాలస్)

ఇది నా గుండెకు తగిలింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

డోర్నకల్ చెల్లి

అన్నయ్యలూ, నేను స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం కూడబెట్టి పంపిన ఇంట్లో పుట్టాను. మాకు చిన్నప్పుడు నేర్పింది ఒకటుంది. బిషప్ అజరయ్య గారు, 1912లో మన డోర్నకల్‌కు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయినాయన, అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో తెల్ల మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. అప్పుడు సాయం తీసుకునే వరసలో మనం ఉన్నాం. ఇప్పుడు ఇచ్చే వరసలో కూర్చున్నాం. ఆయన దొరలను ఏం అడిగారో, ఇప్పుడు కరాకోష్‌వాళ్ళు మనల్ని అదే అడగొచ్చు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. సువార్త సేవకుడు గారు చెప్పిన ఆ ఒంటరి విశ్వాసికి సాయం వెళ్ళాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ అతని సాక్ష్యం మన ఆరాధనలో స్క్రీన్ మీద రాకూడదు. పేరు, ఊరు, ముఖం, ఏదీ. ఒక సంస్థ ప్రార్థన పత్రికలో ఒక చెల్లెలి ఫొటో వేసి, కళ్ళ మీద మాత్రం నల్లగీత గీసింది. ఆమె వెనక వీధి, దుకాణం బోర్డు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ నెలంతా నాకు నిద్ర పట్టలేదు. కానుక ఇచ్చినవాళ్ళకు రుజువు కావాలంటే లెక్కల కాగితం చూపండి, మనిషిని చూపొద్దు.

కోరుట్ల అన్న

చెల్లె చెప్పింది కరెక్ట్. వీసాల గురించి కూడ ఒక మాట. వెళ్ళిపోయెటోన్ని ఆపకున్రి. పిల్లల కోసం పోతడు. కానీ వాన్ని తీస్కపోయెటందుకు మీరు పైసలు పెడితె, పక్కింటోడు కూడ పెట్టె సర్దుతడు. నేను జూసిన. ఒక గల్లీల ముగ్గురు పోతె నాలుగోడు ఉండడు.

గుండ్లకమ్మ (డాలస్)

నిన్న రాత్రి కమిటీ మళ్ళీ కూర్చుంది. మీ మాటలన్నీ చదివి వినిపించాను.

వీసాలకు సంఘం డబ్బు వద్దనుకున్నాం. ఎవరైనా సొంతంగా ఓ కుటుంబానికి స్పాన్సర్ చేస్తే వాళ్ళిష్టం. యౌవనస్థుల ప్రయాణం ఈ ఏడు లేదు. వాళ్ళకు కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమే. కల్దీయ, సిరియాక్ కుటుంబాలు, అంటే ఇరాక్ పాత సంఘాలవాళ్ళు, ఇక్కడ అమెరికా రాష్ట్రాల్లోనూ ఉన్నారు, ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి భోజనానికి కూర్చోండని చెప్పాను. మిషిగన్‌లోనైతే కల్దీయులు వేలల్లో ఉన్నారు. మనం ఇన్నేళ్ళలో ఒక్క ఇంటికీ వెళ్ళలేదు.

12,000 నీనెవె మైదానానికి. 2017లో కల్దీయ, సిరియాక్ కథోలిక, సిరియాక్ ఆర్థడాక్స్ సంఘాలు మూడూ కలిసి ఇళ్ళు బాగుచేసే కమిటీ పెట్టాయి. ఇళ్ళు చాలావరకు లేచాయి, ఇప్పుడు వాళ్ళకు కావలసింది పని అని విన్నాం. అందుకే కుట్టు మిషన్లా, వడ్రంగి పనిముట్లా, వర్దా గారు 2015లో అర్బిల్‌లో పెట్టిన విశ్వవిద్యాలయంలో ఫీజులా అన్నది మనం నిర్ణయించడం లేదు. ఉత్తరం రాసి అడుగుతున్నాం. అందులోనే ఒక వాక్యం, మీ పక్కనున్న యజీదీ కుటుంబాలకు ఇందులోంచి ఎంత వెళ్ళాలో మీరే చెప్పండి అని.

మిగిలిన 6,000 సువార్త సేవకుడు గారు చెప్పిన మనిషి కోసం. దాక్కోవడానికి ఇల్లు, వైద్యం, పిల్లల చదువు. అది ఎవరి ద్వారా వెళ్తుందో ఇక్కడ రాయను, ఆరాధనలోనూ చెప్పం. ఇద్దరు పెద్దలకే లెక్క తెలుస్తుంది. దీనికి నేను మొదట ఒప్పుకోలేదు. 2,222 అంకె రాత్రంతా నా చెవిలో ఉంది.

సువార్త సేవకుడు గారూ, ఆ ఉత్తరం రాసేటప్పుడు మీరూ ఫోన్‌లోకి రండి. ఆదివారం ఆరాధన అయ్యాక, మా టైము ఒంటిగంటన్నరకు. ఎలా మొదలుపెట్టాలో నాకింకా తెలియడం లేదు.