బిజినెస్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ డిగ్రీ క్రైస్తవ విశ్వవిద్యాలయంలో: పర్లాకిమిడి నుంచి వెళ్లే అమ్మాయి ఏం చూసుకోవాలి?

పర్లాకిమిడి_బాబాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అన్నయ్యగారి అమ్మాయి పర్లాకిమిడిలో ప్లస్ టూ కామర్స్ పూర్తిచేసింది. సీహెచ్‌ఎస్‌ఈ (ఒడిశా ప్లస్ టూ బోర్డు), గణితం తీసుకోలేదు. బిజినెస్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కలిసిన డిగ్రీయే చదువుతానని పట్టుబట్టింది. ఫాదర్లు నడిపే విశ్వవిద్యాలయమైతే హాస్టల్, క్రమశిక్షణ బాగుంటాయని ఇంట్లో అందరి మాట. బెంగళూరు క్రైస్ట్, భువనేశ్వర్ ఎక్స్‌ఐఎమ్ పేర్లు అనుకుంటున్నాం. మాది హిందూ కుటుంబం. ఆ చదువులో అసలు ఏం నేర్పుతారు? గణితం లేని పిల్ల నెగ్గుకొస్తుందా? ప్రార్థనలకి తప్పనిసరిగా వెళ్లాలా? ఒడిశా నుంచి వెళ్లేటప్పుడు ఏ కాగితాలు కావాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లెక్కలూ_పట్టికలూ

బాబాయిగారూ, కోర్సు పేరుని బట్టి నిర్ణయం తీసుకోకండి. ఇదే చదువు ఒకచోట బీబీఏలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఐచ్ఛికంగా ఉంటుంది, ఇంకోచోట బిజినెస్ అనలిటిక్స్ అంటారు, మరోచోట బీకామ్ కంప్యూటర్స్. సెమిస్టర్ల వారీ సిలబస్ దించుకుని చూడండి. ఫైనాన్షియల్ అకౌంటింగ్‌తో పాటు కాస్ట్ అకౌంటింగ్ ఉండాలి. సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ విడి పేపర్‌గా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, డేటాబేస్ పేపర్ పక్కన ఎల్-టీ-పీ (లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్) అని మూడు అంకెలు వేస్తారు, అందులో చివరిది ల్యాబ్. అక్కడ సున్నా ఉంటే పిల్లలు ఎస్‌క్యూఎల్‌ని (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాషని) పుస్తకంలో చదివి పరీక్ష రాస్తారు, చేత్తో చేయరు. లెక్క ప్రకారం సెమిస్టర్‌కి ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం లేదా 30 గంటల ల్యాబ్. డేటాబేస్‌కి కనీసం ఒక క్రెడిట్ ల్యాబ్ లేని కోర్సుని నేనైతే వద్దంటాను.

ఏం నేర్పుతారంటే, వ్యాపారంలో జరిగే ప్రతి పనినీ తప్పు దొర్లకుండా నమోదు చేయడం, ఆ నమోదుల్లోంచి యజమానికి పనికొచ్చే లెక్క తీయడం. మన వైపు జీడిపప్పు వ్యాపారమే తీసుకోండి. పర్లాకిమిడిలో ఉన్న టోకు దుకాణం ఇచ్ఛాపురం వ్యాపారికి సరుకు పంపిందనుకుందాం. ఒక బిల్లులో మూడు రకాల పప్పు ఉంది, డబ్బు రెండు విడతల్లో వచ్చింది. అంటే బిల్లు ఒక పట్టిక, బిల్లులోని సరుకుల వరసలు ఇంకో పట్టిక, వసూళ్లు మూడో పట్టిక. కొత్త విద్యార్థి ఈ మూడింటినీ ఒకేసారి కలిపి మొత్తం అడుగుతాడు. మూడు వరసలు, రెండు వసూళ్లు కలిసి ఆరు వరసలు అవుతాయి. అమ్మకం రెండింతలుగా, వసూలు మూడింతలుగా కనిపిస్తుంది. కంప్యూటర్ తప్పని చెప్పదు, అంకె వచ్చింది కదా అని నివేదికలో వేసేస్తారు. సరుకుల మొత్తం విడిగా, వసూళ్ల మొత్తం విడిగా బిల్లు నంబరు వారీగా తీసుకుని, ఆ తర్వాతే కలపాలి. ఇది ఒంటపడితే ఈ చదువులో సగం పట్టుబడినట్టే.

సరిహద్దు జిల్లా పిల్లలకి జీఎస్టీ మంచి పాఠం. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రానివి: ఒడిశా 21, ఆంధ్ర 37, తెలంగాణ 36, మహారాష్ట్ర 27. పర్లాకిమిడి నుంచి ఒడిశాలోనే ఉన్న గుణుపురం వ్యాపారికి పంపితే సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది) చెరిసగం. కూతవేటు దూరంలో ఉన్నా ఆంధ్రలోని పాతపట్నం వ్యాపారికి పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పన్ను). పన్నుకి ఒకటే గడి పెట్టుకున్న పట్టిక, నెల చివర రిటర్న్ వేసేటప్పుడు కూలిపోతుంది. పన్ను రేటుని సరుకుల జాబితాలో మాత్రమే ఉంచడం ఇంకా పెద్ద తప్పు. 2025 సెప్టెంబరు 22న చాలా వస్తువుల రేట్లు మారాయి. జాబితాలో రేటు మార్చగానే అంతకుముందు కొట్టిన బిల్లులు కూడా కొత్త రేటుతో కనిపిస్తాయి. అమ్మిన రోజు రేటు బిల్లు వరసలోనే రాసి ఉంచాలి.

ఎక్సెల్ దగ్గర నాలుగు చోట్ల పిల్లలు పడిపోతారు. జీడిపప్పు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకుకి ఇచ్చే సంఖ్య) 0801, మామూలు గడిలో కొడితే ముందున్న సున్నా ఎగిరిపోయి 801 మిగులుతుంది. అంకెల్లో 15 స్థానాల వరకే ఎక్సెల్ గుర్తుంచుకుంటుంది, 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరిది సున్నా అయిపోతుంది. ఈ రెండు గడులనీ కొట్టడానికి ముందే టెక్స్ట్‌గా మార్చాలి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04 అన్నది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అవుతుంది. ఇక సరుకు పేరు డబ్ల్యూ320 అని ఒకరు, డబ్ల్యూ-320 అని ఒకరు, వెనక ఖాళీ వదిలి ఇంకొకరు రాస్తే వీ-లుకప్ (పట్టికలో వెతికే ఎక్సెల్ సూత్రం) దొరకలేదంటుంది, నిల్వ మూడు ముక్కలవుతుంది. డబ్ల్యూ320 అంటే పౌండుకి 300 నుంచి 320 పప్పులు తూగే రకం, అది ఒక్కటే రకం కాబట్టి జాబితాలో ఒక్కసారే ఉండాలి.

గణితం సంగతి: క్యాలిక్యులస్ అంతగా రాదు. స్టాటిస్టిక్స్ వస్తుంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, రిగ్రెషన్ వేసవిలోనే ఒకసారి చూసుకుంటే చాలు. కామర్స్ పిల్ల కాబట్టి డెబిట్, క్రెడిట్ తనకి వచ్చు. సైన్స్ నుంచి వచ్చినవాళ్లు తడబడేది అక్కడే.

బరంపురం_అడ్మిషన్లు

పైన చెప్పింది సిలబస్ గురించి, నేను సంస్థ గురించి చెప్తాను. క్రైస్ట్‌ని 1969లో సీఎంఐ సభ ఫాదర్లు కళాశాలగా మొదలుపెట్టారు, 2008లో డీమ్డ్ హోదా (విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా) వచ్చింది. భువనేశ్వర్ మేనేజ్‌మెంట్ సంస్థ ఎక్స్‌ఐఎమ్‌బీ 1987లో జెస్యూట్ సభ, ఒడిశా ప్రభుత్వం మధ్య ఒప్పందంతో పుట్టింది, ఎక్స్‌ఐఎమ్ విశ్వవిద్యాలయం 2013 నాటి రాష్ట్ర చట్టంతో వచ్చింది. రెండూ గుర్తింపు ఉన్నవే.

కానీ క్రైస్తవ పేరున్న ప్రతి సంస్థకీ గుర్తింపు ఉందనుకోకండి. యూజీసీ (విశ్వవిద్యాలయాలకి గుర్తింపు చూసే కేంద్ర సంస్థ) ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖపట్నం బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా పేర్లు ఉన్నాయి. విశాఖ మనకి దగ్గర, గుంటూరుదాని పేరేమో బెంగళూరు క్రైస్ట్‌లాగే వినిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. డబ్బు కట్టకముందు యూజీసీ వెబ్‌సైట్‌లో పూర్తి పేరు, ఊరు రెండూ సరిపోల్చండి. విశ్వవిద్యాలయం కాకుండా ఏదైనా కళాశాలలో చేర్పిస్తే ఇంకొక్కటి చూడాలి: 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కేంద్ర మండలి) కిందికి వచ్చాయి. పిల్ల చేరే ఏడాది ఆమోద పత్రం చూపించమనండి.

ప్రార్థనల విషయంలో రాజ్యాంగం స్పష్టంగా ఉంది. 28(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకి గాని ఆరాధనకి గాని హాజరుకమ్మని బలవంతం చేయకూడదు. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. కాబట్టి చేరేటప్పుడు ఇచ్చే హామీ పత్రం చదివి సంతకం పెట్టండి, ఆరాధనకి సమ్మతి అన్న మాట అందులో ఉందేమో చూడండి. విలువల విద్య పేరుతో క్రెడిట్ ఉన్న తరగతి వేరే సంగతి. అది సిలబస్‌లో భాగం, ఎగ్గొడితే హాజరు పోతుంది.

హాజరు చిన్న విషయం కాదు. క్రైస్ట్‌లో 85 శాతం కావాలి. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే 13 రోజులకి మించి మానడానికి లేదు. బరంపురం నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్లడానికే ఒక రోజు పడుతుంది. పండక్కి ఒకసారి, పెళ్లికి ఒకసారి ఇంటికి రప్పిస్తే ఎనిమిది, తొమ్మిది రోజులు అందులోనే పోతాయి, జ్వరం వస్తే ఇక మిగిలేదేమీ ఉండదు. రెండేళ్లకోసారి బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్ర కూడా సెమిస్టర్ చివరి రోజుల్లోనే పడుతుంది, పిల్లని రమ్మని ఒత్తిడి చేయకండి.

పర్లాకిమిడి_బాబాయి

చాలా సంతోషం అండి. ఇంకొక మాట. మా అమ్మాయి స్నేహితురాలు సవర తెగ పిల్ల, వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఇద్దరూ కలిసి వెళ్దామనుకుంటున్నారు. మతం వల్ల ఆ పిల్లకి ఎస్టీ సదుపాయాలు పోతాయని ఎవరో చెప్పారట, నిజమేనా?

రాయగడ_సర్టిఫికెట్లు

నిజం కాదు. ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. మతం చూసేది ఎస్సీ విషయంలో: 1950 ఉత్తర్వు, ఆ తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా. సవర పిల్ల క్రైస్తవురాలైనా ఎస్టీయే, ధైర్యంగా దరఖాస్తు చేయమనండి.

అయితే సీటు వేరు, స్కాలర్‌షిప్ వేరు. రాజ్యాంగం 15(5) అధికరణలో మైనారిటీ విద్యాసంస్థలకి మినహాయింపు ఉంది, ఎస్టీ రిజర్వేషన్ ఇచ్చి తీరాలన్న నిబంధన వాటికి లేదు. తమ వర్గం పిల్లలకి కొన్ని సీట్లు ఉంచుకుంటారు. ఆ సీటు అడగాలంటే బాప్తిస్మ పత్రం, చర్చి ఫాదర్ లేదా పాస్టర్ లేఖ అడుగుతారు, ముందే తీసి ఉంచుకోవాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మాత్రం సొంత రాష్ట్రం ఇస్తుంది. బెంగళూరులో చదివినా దరఖాస్తు ఒడిశా పోర్టల్‌లోనే. కుల, ఆదాయ, నివాస పత్రాలు తహశీల్దారు దగ్గరివి ఉండాలి.

డబ్బు పడకపోవడానికి పెద్ద కారణం ఒకటి చెప్తాను. ఖాతాకి ఆధార్ ఇచ్చాం కదా అనుకుంటారు. అది కేవైసీ. ప్రభుత్వ డబ్బు రావాలంటే ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కి ఏ బ్యాంకులో డబ్బు వేయాలో చూపే జాబితాలో) ఆ ఖాతా ఆధార్‌తో సీడ్ అయి, అంటే జతపడి ఉండాలి, దానికి బ్యాంకులో విడిగా సమ్మతి పత్రం ఇవ్వాలి. పిల్లకి రెండు ఖాతాలుంటే ఆఖరున సీడ్ చేసిన దానికే డబ్బు వెళ్తుంది.

మన తెలుగువాళ్లకి ఒడిశాలో ఉన్న చిక్కు పేరు. బోర్డు మార్కుల జాబితాలో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ముందు ఒక్క అక్షరమే. పోర్టల్ రెండూ పోల్చి తిప్పికొడుతుంది. మార్కుల జాబితాలో ఉన్నట్టే ఆధార్ మార్పించండి, బోర్డులో మార్పించడం కన్నా అదే సులువు. ఈ పని స్కాలర్‌షిప్ దరఖాస్తు కన్నా ముందు జరగాలి.

రాష్ట్రం దాటుతున్నారు కాబట్టి కాలేజీ నుంచి సీఎల్‌సీ (కాలేజీ విడిచిన పత్రం), ప్రవర్తన పత్రం, సీహెచ్‌ఎస్‌ఈ నుంచి మైగ్రేషన్ పత్రం తీసుకోవాలి. సీఎల్‌సీ, మైగ్రేషన్ అసలువి అక్కడ ఇచ్చేయాలి. ఇచ్చేముందు రెండువైపులా స్కాన్ చేసి ఉంచుకోండి.

మీ అమ్మాయికి ప్లస్ టూలో బోర్డు కామర్స్ విద్యార్థుల్లో మొదటి 20 శాతంలో మార్కులుండి, ఇంటి ఆదాయం 4.5 లక్షలు దాటకపోతే కేంద్ర సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీలో ఏడాదికి 12,000. దూరవిద్యకి రాదు. ఏటా రెన్యువల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చూస్తారు. బ్యాంకు రుణమైతే 4 లక్షల వరకు చేతి వాటా లేదు, ఆపైన 5 శాతం. 7.5 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. చదువు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు ఉండవు కానీ వడ్డీ లెక్క మొదటి రోజు నుంచీ నడుస్తుంది. ఏడాదికోసారైనా కొంత వడ్డీ కడుతూ ఉంటే తర్వాత భారం తగ్గుతుంది.

లెక్కలూ_పట్టికలూ

ఖాళీగా ఉన్న ఈ నెలల్లో పిల్లలిద్దరూ చేయదగ్గ పని ఒకటుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. తెలిసిన దుకాణం బిల్లు పుస్తకంలోంచి 50 బిల్లులు, యజమాని ఒప్పుకుంటే పేర్లు మార్చి, తీసుకోమనండి. కొనుగోలుదారులు, సరుకులు, బిల్లులు, బిల్లు వరసలు, వసూళ్లు అని అయిదు పట్టికలు చేయాలి. ఫోన్ నంబరుని కీగా (ఒక్కొక్కరినీ విడిగా గుర్తించే సంఖ్యగా) పెట్టకూడదు, నంబర్లు మారతాయి, తండ్రీకొడుకులు ఒకటే నంబరు ఇస్తారు. సొంత క్రమసంఖ్య పెట్టాలి. ఆ తర్వాత ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఒక క్వెరీతో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నతో) తీసి, కాగితం మీద చేత్తో వేసిన మొత్తంతో సరిచూడాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఎక్కడ వచ్చిందో దొరికేదాకా వదలకూడదు. చాలాసార్లు ఆ తేడా తిరిగొచ్చిన సరుకు దగ్గర ఉంటుంది, ఎందుకంటే వాపసుకి వరస పెట్టాలని మొదట ఎవరికీ తట్టదు.