లేవని ఇంటి సర్వర్: ముందు డబ్బాను బాగుచేయాలా, డిస్కులు బయటికి తీయాలా?

కాకినాడ_తమ్ముడు
మా ఇంట్లో నాలుగు డిస్కుల నాస్ (ఇంట్లో అందరి ఫైళ్ళూ దాచే బాక్స్) ఉంది. 2017లో అన్నయ్య టెక్సాస్ నుంచి వచ్చినప్పుడు తెచ్చి పెట్టాడు. నాలుగూ 4 టీబీ డిస్కులు, రెయిడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా ఫైళ్ళు నిలుస్తాయి, రెండు పోతే నిలవవు. అమ్మమ్మ మాట్లాడిన వీడియోలు, మా ఇద్దరి పెళ్ళిళ్ళు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. మొన్న గాలివానకి కరెంటు పది నిమిషాల్లో నాలుగైదుసార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచి బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, డిస్కులు తిరగడం మొదలెడతాయి, టక్కున ఆగిపోతుంది. అడాప్టర్‌ని మల్టీమీటర్‌తో చూశాను, 12.1 వోల్టులు వస్తోంది. అంటే అడాప్టర్ బాగానే ఉన్నట్టు. మరి బోర్డు పోయిందా? అలాంటి బాక్సే ఇంకోటి కొని డిస్కులు మార్చెయ్యమంటున్నాడు అన్నయ్య.

కరెంటు_బాబాయి
12.1 చూసి అడాప్టర్ బాగుందనుకోకు తమ్ముడూ. లోడు లేకుండా, అంటే దాన్నుంచి ఏదీ కరెంటు లాగనప్పుడు కొలిస్తే ఏ ముసలి అడాప్టరైనా 12 చూపిస్తుంది. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టే ఆ రెండు మూడు సెకన్లలో ఒక్కోటి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగు డిస్కులంటే లెక్కేసుకో. నీ అడాప్టర్ 100 వాట్లదైతే ఇవ్వగలిగింది 8 ఆంపియర్ల పైచిలుకు. లోపల కెపాసిటర్లు ఎండిపోయాక అంత ఇవ్వలేదు, వోల్టేజి పడిపోతుంది, బోర్డు ఆగిపోతుంది. నువ్వు చెప్పిన లక్షణం అచ్చంగా అదే. నాలుగు డిస్కులూ బయటికి లాగి ఆన్ చేసి చూడు. నిలబడితే అడాప్టర్ మార్చు, బాక్స్ లేస్తుంది. పని అయిపోయినట్టే.

ఓరుగల్లు_చెల్లె
ప్రాసెసర్ ఏందో చూసినవా అన్నా? ఇంటెల్ ఆటమ్ సీ2000 అయితే, బాక్స్ లేవడానికి కావాల్సిన క్లాక్ సిగ్నల్ పోయే జబ్బు ఉంది, 2017లో ఇంటెల్ వాళ్ళే ఒప్పుకున్నరు. 100 ఓమ్స్ రెసిస్టర్ అతికిస్తే లేచినయి శానా బాక్సులు.

కాకినాడ_తమ్ముడు
మాది ఆ ప్రాసెసర్ కాదు అక్కా. బాబాయి గారూ, డిస్కులు తీసేస్తే ఆగకుండా నిలబడింది!

ముందు_నకలు
చాలా మంచిది. ఇక ఆ డిస్కులు మళ్ళీ అందులో పెట్టకండి. అడాప్టర్ సంగతి తర్వాత. కరెంటు అన్నిసార్లు తెగినప్పుడు రాస్తూ రాస్తూ ఏ డిస్కు ఎక్కడ ఆగిందో మనకి తెలీదు. నాలుగింటికీ 1, 2, 3, 4 అని చీటీలు అంటించండి. ఒక పాత కంప్యూటర్‌లో ఉబుంటు (లైనక్స్) వేసి ఒక్కో డిస్కు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. చెడిన చోట్ల లెక్క చెప్పే 5, 197, 198 వరుసల్లో సున్నా కాక ఇంకేమైనా ఉంటే ఇక్కడ రాయండి. బాక్స్ లేవకపోయినా పర్వాలేదు. ఇలాంటి బాక్సులు చాలావాటిలో లోపల నడిచేది లైనక్స్ రెయిడే, కాబట్టి మామూలు కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది.

కరెంటు_బాబాయి
ఇంత భయపెట్టడం దేనికండీ? 2,000 రూపాయల అడాప్టర్‌తో పోయేదానికి ఉబుంటులు, చీటీలు. లోడు లేకుండా కొలిస్తే తెలీదని చెప్పాను, లోడు పెట్టి ఇంతవరకూ ఎవరూ కొలవలేదు.

ముందు_నకలు
అడాప్టరే కారణమని నేనూ ఒప్పుకుంటున్నాను. అది మార్చాక ఏం జరుగుతుందన్నదే నా భయం.

కరెంటు_బాబాయి
ఏం జరుగుతుంది? లేస్తుంది. ఒక డిస్కు పోయి ఉంటే కొత్తది పెట్టి రిపేర్ నొక్కుతాం. రెయిడ్ 5 ఉన్నదే అందుకు.

ముందు_నకలు
రిపేర్ నొక్కితే మిగిలిన మూడు డిస్కుల్నీ మొదట్నించి చివరిదాకా చదవాలి. 12 టీబీ. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని మూలలన్నీ ఆరోజే చదువుతుంది. ఇళ్ళకి వాడే చాలా డిస్కుల కాగితాల మీద రాసి ఉండేదే చూడండి: 10కి 14వ ఘాతం బిట్లకి చదవలేనిది ఒకటి ఉండొచ్చని. అది 12.5 టీబీ. ప్రతిసారీ అలా జరగదు, నిజమే. కానీ ఇక్కడ ఉన్నది ఒకే కాపీ.

కాకినాడ_తమ్ముడు
నన్ను తిట్టకండి. కొత్త అడాప్టర్ దొరికింది, అన్నయ్య వీడియో కాల్‌లో ఉండి పెట్టమంటే డిస్కులు పెట్టి ఆన్ చేశాను. లేచింది. కానీ వాల్యూమ్ (ఫైళ్ళన్నీ ఉండే చోటు) క్రాష్ అయిందని చూపిస్తోంది. డిస్కు 1, డిస్కు 3 రెండూ రెయిడ్‌లోంచి బయటపడ్డాయి. వెంటనే ఆపేశాను. లాగ్‌లో చూస్తే డిస్కు 3 ఫిబ్రవరిలోనే పోయింది. అప్పటి నుంచి రోజూ మెయిల్ వెళ్తోంది, అన్నయ్య పాత ఆఫీసు ఐడీకి. ఆ ఐడీ ఇప్పుడు లేదు.

ముందు_నకలు
నాలుగు నెలలు ఇంట్లో బాక్స్ కుంటుతూ నడిచింది, చెప్పాల్సిన మాట ఎవరూ లేని చిరునామాకి వెళ్ళింది. ఇది అడాప్టర్ తప్పు కాదు.

ప్లేనో_నుంచి
అంటే వాళ్ళన్నయ్య తప్పంటారా? ఫిబ్రవరి నుంచి ఆ బాక్స్ బీప్ కొట్టే ఉంటుంది, ముందు లైటు ఎర్రగా మారే ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు ఒక్కసారి చూసి ఫోన్ చేయొచ్చుగా? డబ్బు పెట్టి కొని, సూట్‌కేసులో మోసుకొచ్చి, సెలవుల్లో రెండు రోజులు కూర్చుని అమర్చిన మనిషిని అనడం తేలిక.

ముందు_నకలు
బీప్ కొట్టింది, మా నాన్న ప్లగ్ తీసి మళ్ళీ పెట్టారు, ఆగిపోయింది. ఇది మా ఇంటి మాట, 2020ది. మా అన్నయ్య కూడా సూట్‌కేసులోనే తెచ్చాడు. పాస్‌వర్డ్ అతని దగ్గరే. నాకు ఇచ్చింది దుమ్ము దులిపే పని. బాక్స్ చచ్చిన రోజు అక్కడ వాళ్ళకి అర్ధరాత్రి, ఫోన్ ఎత్తలేదు. తెర మీద రిపేర్ అని కనపడితే నొక్కాను. సగంలో రెండో డిస్కు ఆగింది. ఊళ్ళో ఒక షాపువాడికిస్తే, వాడు కొత్తగా రెయిడ్ కట్టి ఖాళీ డబ్బా చేతిలో పెట్టాడు. నాన్న గొంతు ఉన్న రికార్డింగులు అందులో పోయాయి. ఆయన లేరు. నీవల్లే పోయాయని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. రిపేర్ నొక్కమని తేలిగ్గా చెప్తుంటే నేనెందుకు ఊరుకోలేదో ఇప్పుడు అర్థమైందా బాబాయి గారూ?

కరెంటు_బాబాయి
అమ్మా, ఆ సంగతి నాకు తెలీదు. రిపేర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ప్లేనో_నుంచి
నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మానాన్నల దగ్గర గుంటూరులో నేను పెట్టినదీ ఇలాంటిదే. పక్కన ఉండలేనివాడు ఏదో ఒకటి చేయాలనుకుంటాడండీ. ఆదివారం ఫోన్ చేసి బాక్స్ వెలుగుతోందా అని అడుగుతాను, వెలుగుతోంది అంటారు. నాకు తెలిసిన కాపలా అంతే.

ముందు_నకలు
చేయొద్దనను. ఇంట్లో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, తాళం వాళ్ళకీ ఇచ్చి చేయండి. తప్పు జరిగితే వాళ్ళ తలమీద, పాస్‌వర్డ్ మీ దగ్గర అంటే ఎలా?

ఓరుగల్లు_చెల్లె
గొడవ తర్వాత పెట్టుకుందురు. తమ్మీ, నాలుగు డిస్కులకు ఎండీఏడీఎం (లైనక్స్ రెయిడ్‌ను చూసే కమాండ్) ఎగ్జామిన్ కొట్టి ఈవెంట్ కౌంట్ ఎంతుందో రాయ్, రెయిడ్‌ల మార్పులు ఏ డిస్కు ఎంతదాకా రాసుకున్నదో దాంతోనే తెలుస్తది.

కాకినాడ_తమ్ముడు
2, 4 డిస్కులు: 61,482. డిస్కు 1: 61,470. డిస్కు 3: 38,915.

ముందు_నకలు
చాలా మేలు. డిస్కు 1 కరెంటు తెగినప్పుడు జారింది, తేడా 12 మాత్రమే. డిస్కు 3లో ఉన్నది ఫిబ్రవరి నాటి సరుకు, దాన్ని కలిపితే పాత ముక్కలు కొత్తవాటితో కలిసి ఫైళ్ళు పాడవుతాయి. దాన్ని పక్కన పెట్టేయండి. మిగతా మూడింటికీ డీడీరెస్క్యూతో (చెడిన డిస్కుల నుంచి కూడా చదవగలిగినంత నకలు తీసే ప్రోగ్రాం) నకళ్ళు తీయండి, ముందు డిస్కు 1. ఎంతవరకూ చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా పెట్టండి, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచి సాగుతుంది. నకళ్ళ మీదే అసెంబుల్ ఫోర్స్ (ఉన్న రెయిడ్‌ని బలవంతంగా మళ్ళీ కలపడం) కొట్టండి. క్రియేట్ (కొత్తగా రెయిడ్ కట్టడం) అన్న మాట ఎక్కడ కనపడినా ముట్టుకోవద్దు, మా షాపువాడు చేసింది అదే. తెరుచుకున్నాక చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే అప్పుడే వద్దు, అది డిస్కు మీద రాస్తుంది.

కరెంటు_బాబాయి
ఆ కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టు తమ్ముడూ. పాత అడాప్టర్ పారేయకు, లోడు పెట్టి కొలిచి చెప్పు.

కాకినాడ_తమ్ముడు
ఐదు రోజులకి వస్తున్నాను. మూడు డిస్కులు అన్నయ్య డబ్బు పంపితే కొన్నాను. డిస్కు 1లో 96 కేబీ తప్ప అంతా వచ్చింది. మౌంట్ అయింది. అమ్మమ్మ వీడియోలు తెరుచుకున్నాయి, అమ్మ పక్కన కూర్చుని చూసింది. పొలం స్కాన్లలో రెండు తెరుచుకోవడం లేదు, అసలు కాగితాలు బీరువాలో ఉన్నాయి కాబట్టి మళ్ళీ తీస్తాను. ఇప్పుడు ఇంకో డిస్కు మీదకి కాపీ నడుస్తోంది, అది అత్తయ్య వాళ్ళింట్లో ఉంచుతాం. బాబాయి గారూ, పాత అడాప్టర్‌కి లోడుగా కారు బల్బులు కట్టి కొలిచాను: 9.6 వోల్టులకి పడిపోయింది.

ప్లేనో_నుంచి
నిన్న రాత్రి మా ఇంటి బాక్స్‌లోకి వెళ్ళి చూశాను. నోటిఫికేషన్లు వెళ్తున్నది నేను మూడేళ్ళ కిందట మానేసిన కంపెనీ ఐడీకే. గుంటూరులో మా చెల్లెలి మెయిల్ కూడా కలపాలి. ఎక్కడ మార్చాలి?

ముందు_నకలు
బాక్స్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ అని ఉంటుంది, అక్కడ రెండో ఐడీ కూడా కలపండి. టెస్ట్ మెయిల్ పంపించి చూడండి. ముందు మీ చెల్లెలికి ఫోన్ చేసి అడగండి.